ఉలవగుంట పిల్లికి పేరు పెట్టిన సంగతి

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మార్కాపురంలో మా ఇంటికి వస్తుంటారు. ఏ ఊరికి పోస్టింగు అడగాలి, ఏ ఆఫీసరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి అని అడుగుతారు. అవి నాకంటే బాగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు చెప్పాలనిపించేవి వేరే.

ఈ ఉద్యోగంలో చాలాభాగం చేతులు కడుక్కోవడం, ఎండలో నిలబడటం, రైతు చెప్పేది పూర్తిగా వినడం. ఈ మూడూ వస్తే మిగతావి పుస్తకాల్లో ఉన్నాయి. అయితే ఎప్పుడైనా ఒకసారి పుస్తకంలో లేనిది మన కళ్ళముందు జరుగుతుంది. దాన్ని రిపోర్టులో రాయలేం. రాయలేదు కాబట్టి జరగలేదనుకునే అలవాటు చాలామంది ఆఫీసర్లకు ఉంది. ఆ అలవాటు మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను.

లేచిన ఎద్దు

నేను చేరిన కొత్తలో చంద్రశేఖరపురం దగ్గర ఒక రైతు సంత నుంచి ఎద్దును కొనుక్కొచ్చాడు. వచ్చింది మొదలు అది మేత ముట్టలేదు. పడుకున్నది లేవలేదు. నాకు తెలిసిన మందులన్నీ ఇచ్చాను. చివరికి గిద్దలూరు నుంచి మా పై డాక్టరు గారిని పిలిపించాను. మంచి మనిషి, మాట తక్కువ. ఆయన ఎద్దు చుట్టూ తిరిగి, "దీని పేరేమిటి?" అని అడిగాడు. కొన్నవాడికి తెలియదు. అమ్మినవాణ్ణి పిలిపించారు.

అమ్మినాయన దొడ్డి కంచె దగ్గరే ఆగి, "సిద్ధుడూ, ఏంది నాయనా ఇట్ల పండినావు?" అన్నాడు.

ఎద్దు లేచింది. కాళ్ళు వణుకుతున్నాయి. కంచె దాకా నడిచి ఆయన చేతిలోని గడ్డి తిన్నది. చూస్తున్నవాళ్ళు దండాలు పెట్టారు. మా పై డాక్టరు మాత్రం ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఆ వారంలోనే ఎద్దు చచ్చిపోయింది. కోసి చూస్తే, మేతలో మింగిన ఇనుప తీగ ముక్క పొట్టలోంచి గుండె దాకా దిగి ఉంది.

తిరిగి వస్తుంటే బస్సులో ఆయన అన్నాడు: "అంత తీగ దిగిన ఎద్దు లేవనే లేవదమ్మా. ఇది లేచింది. రెండూ నిజమే. రిపోర్టులో తీగ సంగతి రాయి. లేచిన సంగతి మర్చిపోకు."

ఆయన నాకు నేర్పినవాటిలో ఇదొక్కటే నాకు మాట మాటగా గుర్తుంది.

అరవని పిల్లులు

మా శాఖ లెక్కల్లో పిల్లి ఉండేది కాదు. ఆవు, గేదె, గొర్రె, మేక, కోడి, అంతే. పిల్లిని పట్టుకొస్తే కాంపౌండరు నవ్వేవాడు. అందుకని ఉలవగుంట పిల్లుల్ని నేను చూసింది పిల్లుల కోసం పోయినప్పుడు కాదు, గొర్రెలకు పారుడు రోగం టీకాలు వేయడానికి పోయినప్పుడు.

ఉలవగుంట కొమరోలు అవతల, కొండ కింద ఉన్న చిన్న పల్లె. ఒకే వీధి. కొన్ని ఇళ్ళవాళ్ళు సేద్యం చేసేవాళ్ళు, కొన్ని ఇళ్ళవాళ్ళు గొర్రెలు కాచేవాళ్ళు. ప్రతి ఇంటి గడప మీదా ఒక పిల్లి కూర్చుని ఉంది. అన్నీ ఉలవల రంగే. తోక బొటనవేలంత. మొదటి ఇంటి పిల్లి నన్ను చూసి నోరు బాగా తెరిచింది. పళ్ళు, నాలుక కనిపించాయి గానీ శబ్దం రాలేదు. గొంతు పోయిందేమో అనుకున్నాను. పక్కింటి పిల్లి కూడా అట్లాగే తెరిచింది. ఆ పక్కదీ అంతే.

ఒకదాన్ని పట్టుకుని టార్చి వేసి చూశాను. గొంతులో ఏ లోపమూ లేదు. ఒళ్ళో పెట్టుకుంటే పక్కటెముకల కింద గురగుర అదురు నా అరచేతికి బాగా తెలుస్తోంది. చెవి ఆనించి విన్నాను. ఏమీ వినిపించలేదు. చేతికి తెలిసేది చెవికి తెలియకపోవడం ఎట్లా ఉంటుందో చెప్పలేను. వెంటనే దాన్ని కింద దింపేశాను.

ఆ ఇంటి ముసలమ్మ చూస్తూ ఉంది. పేరు నారాయణమ్మ. కోనేటి వాళ్ళ ఇంటి పెద్ద. ఊళ్ళో అందరికంటే వయసులో పెద్దది, అప్పటికే ఎనభై దాటి ఉంటాయి.

"మా పిల్లులు అరవవు బిడ్డా. అరిచే పిల్లిని నేను చూసింది కొమరోల్లోనే. భయమేసింది," అంది.

"దీని పేరేంది అవ్వా?"

"పిల్లికి పేరేంది? ఇంటిపేరే."

ఎట్లాగో ఆమే చూపించింది. ఇంట్లోవాళ్ళు తిన్నాక ఇంత అన్నం చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడి, "కోనేటోళ్ళూ, రాండి," అని పిలిచింది. మనుషుల్ని పిలిచినట్టే పిలుపు. ఆ ఇంటి పిల్లి, దాని పిల్లలు వచ్చాయి. పక్కింటి పిల్లి కదల్లేదు. అది ఉడుముల వాళ్ళది. ఉడుముల వాళ్ళ పేరు పిలిస్తేనే లేస్తుంది. ప్రతి ఇంట్లో ఒక ఆడ కూనను ఉంచుకుంటూ వచ్చారు కాబట్టి తల్లి, తల్లి తల్లి, అంతా ఆ ఇంటిదే. బయటి ఊరికి ఇచ్చినా తిరిగి వచ్చేస్తాయట.

ఫోటోలు తీసి హైదరాబాదులో ఉన్న నా క్లాస్‌మేట్‌కు పంపాను. ఆమె ద్వారా అవి పిల్లి జాతుల్ని నమోదు చేసే ఒక సంఘానికి చేరాయి. కొంతకాలానికి జవాబు వచ్చింది. ఇది కొత్త జాతి కావచ్చు, గుర్తింపు ఇవ్వాలంటే మూడు కావాలి అన్నారు. తరం తరానికీ అదే రూపం నిలవాలి. ఒకదానికొకటి రక్తసంబంధం లేని తల్లివంశాలు సరిపడా ఉండాలి. ఒక పేరుండాలి.

గడపలు

ఇదంతా జరుగుతుండగానే ఉలవగుంట ప్రాజెక్టు ముంపులోకి వచ్చింది. తర్లుపాడు వైపు పోయే దారిలో కట్టిన కాలనీకి ఊరు ఊరంతా మారింది. పోయేటప్పుడు తలుపులు, దూలాలు, ఇంటికప్పు బండలు కూడా ట్రాక్టర్లలో వేసుకుపోయారు. పిల్లుల్ని గంపల్లో పెట్టి మీద గోతాలు కట్టి తీసుకుపోయారు.

కొన్నాళ్ళకే కాలనీలో ఒక్క పిల్లి కూడా లేదు. ఉడుముల శ్రీను అని కాలనీలో ఆటో నడిపే కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. "మేడం, అన్నీ పోయినాయి. యాడికి పోయినాయో సూద్దాం రాండి," అన్నాడు. యాడికి పోయాయో ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం పూట ఉలవగుంట చేరాం. ఎండ కాస్తోంది. పైకప్పుల్లేని గోడలు, తలుపుల్లేని గుమ్మాలు. రాతి గడపలు మాత్రం మిగిలాయి. ప్రతి గడప మీదా ఆ ఇంటి పిల్లి కూర్చుని ఉంది.

పిల్లి గడప మీద కూర్చుంటే వీధివైపు చూస్తుంది. మీరు ఎక్కడైనా గమనించండి. ఇవి వీధికి వీపు పెట్టి కూర్చున్నాయి. అన్నీ ఖాళీ ఇళ్ళలోకి, మెడలు నిక్కించి చూస్తున్నాయి. లోపలి నుంచి ఎవరో అన్నం కలుపుకుని వస్తున్నట్టు.

శ్రీను ఆటో దిగలేదు. నేను కొంత దూరం నడిచాను. నా చెప్పుల చప్పుడు విని అన్నీ ఒకేసారి తలలు తిప్పి నోళ్ళు తెరిచాయి. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా తెరిచిన నోళ్ళు, ఎక్కడా చప్పుడు లేదు. ఒక్కటీ చిక్కిపోలేదు. ఎలుకలు, తొండలు తిని బతుకుతున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే అయ్యుంటుంది. అయినా వెనక్కి తిరిగి నడుస్తున్నప్పుడు ఆటో దాకా వెనక్కి చూడలేదు.

పేరు దగ్గర ఆగింది

నీళ్ళు వస్తే వీటి గతి ఏమిటని మా పెద్దాఫీసరును అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. పిల్లుల తరలింపుకు మన దగ్గర పద్దు లేదన్నాడు. సంఘం గుర్తింపు ఇస్తే వాళ్ళే మనుషుల్ని పంపి సాకుతారు కదా అన్నాడు. అది నిజం. ఆ తర్వాత, "పేరు మాత్రం వినగానే కావాలనిపించేట్టు ఉండాలమ్మా. నల్లమల సిల్వర్ అని పెట్టు," అన్నాడు. వాటి ఒంటిమీద సిల్వరు లేదని చెప్పాను. "ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

కొత్తవాళ్ళకు ఒక మాట. పేరు పెట్టినవాడిది అయిపోతుంది జంతువు. ఆఫీసులో కూర్చున్న మనిషి పేరు పెడుతుంటే అక్కడే కాదనండి. తర్వాత కుదరదు.

కాలనీలో అందర్నీ కూర్చోబెట్టి అడిగాను. శ్రీను లేచాడు.

"మా కాలనీకి నంబరే ఉంది మేడం. మీ ఊరేదిరా అంటే మా పిల్లోళ్ళు కాలనీ అంటాండారు. ఊరెట్లా పోతాండాది. పిల్లి మీదన్నా ఉలవగుంట అని ఉండనీయండి."

అందరూ సరే అన్నారు. నారాయణమ్మవ్వ ఒక్కతే, "వద్దు," అంది.

"ఏందవ్వా, మన ఊరే గదా?" అన్నాడు శ్రీను.

"ఖాళీ ఊరిని పేరు పెట్టి పిలవగూడదు."

"పిలిస్తే ఏమైతాది?"

"వస్తారు."

ఎవరొస్తారని నేను అడిగాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుని లేచి వెళ్ళిపోయింది. అందరికంటే పెద్దది వద్దన్నాక ఇంకెవరూ నోరెత్తలేదు. కాగితాల్లో పేరు గడి ఖాళీగానే పంపాను.

పిలుపు

సంఘం తరఫున హైదరాబాదు నుంచి అన్వర్ గారని ఒక పరిశీలకుడు వచ్చాడు. నెమ్మదైన మనిషి. పిల్లుల గురించి ఆయనకు తెలియనిది లేదనిపించింది. నేను, శ్రీను, ఆయన జీపులో బయల్దేరాం. పిలిస్తే తప్ప పిల్లులు దగ్గరికి రావు కాబట్టి నారాయణమ్మవ్వను బతిమాలి తీసుకుపోయాం.

అవ్వ వీధి మధ్యలో నిలబడి, "ఉడుములోళ్ళూ, రాండి," అంది. ఆ గడప మీది తల్లి లేచి వచ్చింది. దాని వెనక కూనలు వచ్చాయి. ఊరు ఖాళీ అయ్యాక పుట్టిన కూనలవి. ఆ పిలుపు ఎన్నడూ విని ఎరగవు. తల్లి వెంట వచ్చాయిలే అనుకున్నాను. తర్వాతి ఇంటి దగ్గర తల్లి కంటే ముందు కూనలే లేచి వచ్చాయి. అన్వర్ గారు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఒక్కో ఇంటి పేరూ పిలిచింది. అన్వర్ గారు ఒక్కోదాని తోక కొలిచి, ఫోటో తీసి, దూదిపుల్లతో నోట్లోంచి నమూనా తీసుకున్నాడు. చివరి ఇంటి దగ్గర పెట్టె మూసి నిట్టూర్చాడు.

"రూపం బాగా నిలిచింది మేడం. కానీ ఒక వంశం తక్కువైంది. ఇంకో ఇల్లు లేదా?"

"ఇంతే సార్ మా ఊరు," అన్నాడు శ్రీను.

అవ్వ అడిగింది: "తక్కువైతే ఏమైతాది నాయనా?"

"గుర్తింపు రాదవ్వా. నీళ్ళొచ్చినప్పుడు వీటి కోసం మావాళ్ళు రాలేరు."

అవ్వ గడపల మీది పిల్లుల్ని వరసగా చూసింది. తర్వాత వీధి కొసకు నడిచింది. అక్కడ ఇల్లు లేదు. నాగజెముడు మొలిచిన రాళ్ళకుప్ప ఒకటి ఉంది. దాని ముందు నిలబడి, కొంగు తలమీంచి తీసేసి, మాకు వినిపించీ వినిపించనట్టుగా అంది:

"మాగులూరోళ్ళూ... రాండి."

శ్రీను నా చెవిలో, "అట్లాంటోళ్ళు మా ఊర్లో లేరు మేడం. ఆ పేరే నేను ఇనలా," అన్నాడు.

ఏమీ జరగలేదు. గాలి లేదు. అప్పుడు చూశాను, వీధిలోని పిల్లులన్నీ కుప్పవైపు తిరిగి ఉన్నాయి. రాళ్ళ సందులోంచి ఒక పిల్లి బయటికి వచ్చింది. అదే ఉలవ రంగు, అదే తోక. మా ఎవరివైపూ చూడలేదు. తిన్నగా అవ్వ కాళ్ళ దగ్గరికి పోయి, ముఖం పైకెత్తి నోరు తెరిచింది.

అవ్వ నేలమీద కూలబడింది. పరుగెత్తుకుపోయి పట్టుకున్నాను. ఆమె నన్ను చూడటం లేదు. పిల్లి తలమీద చెయ్యి వేసి, "వచ్చినారు సూడు బిడ్డా. వచ్చినారు," అంటోంది.

నీళ్ళు తాగించాక చెప్పింది. అది ఆమె పుట్టిల్లు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు గత్తర వచ్చింది. గత్తర అంటే కలరా. అమ్మ, నాయన, తోడబుట్టినవాళ్ళు అందరూ పోయారు. కోనేటి వాళ్ళు ఈమెను ఎత్తుకుపోయి పెంచి, తర్వాత తమ ఇంటి కోడలిని చేసుకున్నారు.

"గత్తరకు పోయినోళ్ళ పేరెత్తితే లేసి ఇంటికొస్తారని మా అత్త నా నోరు మూసేది. నాకు వాళ్ళు రావాలనే ఉండేది. వస్తే భయమూ ఉండేది. ఇన్నేండ్లు అనలా. ఆ పేరు తెలిసినోళ్ళు అందరూ పోయినారు. నేనొక్కదాన్నే."

"ఇప్పుడెందుకు పిలిచినావవ్వా?"

"ఈటికైనా నీళ్ళ చావు తప్పుతాది గదా. వస్తే రానీ అనుకున్నా."

అన్వర్ గారు దాని నోట్లోంచి కూడా నమూనా తీసుకున్నాడు. తీశాక ఉర్దూలో ఏదో అనుకుని, నెమ్మదిగా నన్ను అడిగాడు. "ఇల్లు పోయి డెబ్బై ఏళ్ళ పైనే అయ్యుంటుంది. ఇన్నాళ్ళూ దీన్ని ఆ పేరుతో ఎవరు పిలిచారు మేడం?"

నేను అవ్వను లేపి జీపు వైపు నడిపించాను.

తిరుగు ప్రయాణంలో ఆ పిల్లి అవ్వ ఒళ్ళోనే కూర్చుంది. జీపు కుదుపులకు బెదరలేదు. కాలనీకి తెచ్చిన పిల్లులన్నీ పారిపోయాయి గానీ, అది పోలేదు.

ఎట్లా తేలిందంటే

పరీక్ష ఫలితం వచ్చింది. ఆ పిల్లి తల్లివంశం మిగతా ఏ ఇంటి పిల్లితోనూ కలవలేదు. అది విడి వంశమే. లెక్క సరిపోయింది. పేరు సంగతి అడగడానికి నేను కాలనీకి పోతే నారాయణమ్మవ్వ, నేను నోరు తెరవకముందే, "ఊరి పేరే పెట్టండి. నేను భయపడింది చాలు," అంది.

మా పెద్దాఫీసరు మొహం చిట్లించాడు. సంఘంవాళ్ళకు పేరు పలకడం కష్టమైంది. ఇంగ్లీషులో ఎట్లా రాయాలో తెలియక రెండుసార్లు వెనక్కి పంపారు. చివరికి ఉలవగుంట అనే పేరుతోనే తొలి గుర్తింపు ఇచ్చారు. శ్రీను ఆ కాగితం పటం కట్టించి కాలనీ మొదట్లో ఉన్న టీ దుకాణంలో తగిలించాడు. సంఘం మనుషులు వచ్చి పిల్లుల్ని జాగ్రత్తగా తీసుకుపోయారు. చాలావరకు హైదరాబాదులో, బెంగుళూరులో పెంపకందార్ల దగ్గర ఉన్నాయి. వాళ్ళలో కొందరు నాకు ఫోన్ చేస్తారు. పిల్లి ఆరోగ్యంగానే ఉంది డాక్టర్, కానీ వాకిట్లో కూర్చుని ఇంట్లోకే చూస్తుంది ఎందుకని అడుగుతారు. అది దాని జాతి లక్షణం అని చెబుతాను. జాతి వర్ణనలో ఆ వాక్యం చేర్పించింది నేనే.

నేను నమ్మేది ఇప్పుడు చెప్తాను. రాళ్ళకుప్పలో అడవిపిల్లిలా బతికిన ఒక వంశం అక్కడ మిగిలి ఉండొచ్చు. మిగతా పిల్లుల పిలుపులు వింటూ, మనిషి గొంతుకు రావడం అది నేర్చుకుని ఉండొచ్చు. ఇదంతా నేనే చెప్పగలను, ఎవరూ కాదనలేరు. అయితే మిగతా పేర్లు పిలిచినప్పుడు అది ఎందుకు రాలేదో మాత్రం చెప్పలేను. మీరు ఉద్యోగంలో ఇట్లాంటిది చూస్తే, తెలిసినంత రాయండి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాసి మూసేయకండి.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. నారాయణమ్మవ్వకు పుట్టింటి పేరు ఒక బండమీద చెక్కించుకోవాలని కోరిక పుట్టింది. కోనేటి వాళ్ళు ఏమీ అనుకోలేదు. మార్కాపురంలో పలకల పని చేసే ఒకాయనతో నల్లటి పలకరాయి మీద "మాగులూరి నారాయణమ్మ" అని చెక్కించి తీసుకుపోయాను. సాయంత్రం కాలేదింకా. కొడుకు ఇల్లు పక్కదే అయినా ఆమె తన గదిలో ఒంటరిగానే ఉండేది. మేకులు కొట్టి రాయిని గుమ్మం పక్కన బిగించాం. ఆమెకు చదువు రాదు. అక్షరాల మీద వేళ్ళు పోనిచ్చి చూసుకుంది.

"నేను లోపలికి పోతా. నువ్వు బయట నిలబడి, రాసింది రాసినట్టు గట్టిగా పిలువు బిడ్డా," అంది.

ఆమె లోపలికి పోయింది. లోపల ఇంకెవరూ లేరు. ఆ గదికి వేరే తలుపు కూడా లేదు. ఆమె చెప్పినట్టే గట్టిగా పిలిచాను.

"మాగులూరి నారాయణమ్మా!"

"ఆ, వస్తాండా!" అని లోపలి నుంచి ఒక చిన్నపిల్ల గొంతు పలికింది.

కాసేపటికి అవ్వ నవ్వుతూ బయటికి వచ్చింది.